ల్యాప్‌టాప్, పాదయాత్ర, మౌనం: ఓటరుకు ఏ ఇమేజ్ మేలు?

ఎన్నికల కబుర్లలో మేనిఫెస్టో చదివిన మనిషి అరుదుగా తగులుతాడు. "ఆయన నవ్వు చూశావా", "ఈయన ముఖంలో కళే లేదు" అనే మాటలు మాత్రం ఎక్కడ నిలబడినా వినిపిస్తాయి. దీన్ని తప్పుపట్టి లాభం లేదు. ఐదేళ్ల పాలనను జీవోలు తిరగేసి కొలిచే తీరిక ఎవరికుంది? కట్టు, నడక, మాటతీరు చూసి ఒక అంచనాకు వచ్చేస్తాం. ఎలాగూ తీర్పు ఇమేజ్‌ని బట్టే చెప్తున్నాం కాబట్టి, ఏ రకం ఇమేజ్ ఉన్న నాయకుడితో ఓటరుకు గిట్టుబాటు ఎక్కువో చూసుకోవడం మంచిది. పోల్చి చూడటానికి మన తెలుగు నాయకులే సరిపోతారు.

మొదట ఎన్టీఆర్‌ని పక్కన పెట్టేస్తాను. ఆయనది పోటీకి నిలబెట్టదగ్గ ఇమేజ్ కాదు, మళ్లీ మళ్లీ దొరికేదీ కాదు. కానీ ఆయన గురించి ఒక మాట చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. 1978 నుంచి 1983 లోపు కాంగ్రెస్ రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ముందు ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం అందరి నోళ్లలో నానుతోంది. అలాంటి సమయంలో, 1982 మార్చి 29న పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చుకుని ఎన్టీఆర్ బయల్దేరారు. ఆయన్ను రాముడిగా, కృష్ణుడిగా చూసి ఓటేశారని అనేస్తుంటాం. అది సగమే నిజం. కిరీటంతో చూసిన మనిషి ఖాకీ బట్టల్లో, రోడ్డు పక్కన స్నానం చేసి, అక్కడే భోంచేసి, బండెక్కి మాట్లాడుతుంటే జనానికి కలిగింది భక్తి ఒక్కటే కాదు, చనువు కూడా. ఆ రెండూ కలిసి 1983 జనవరిలో 200కు పైగా సీట్లు తెచ్చిపెట్టాయి.

ఆ ఇమేజ్ ఆయన్ను ఒకసారి కాపాడింది, ఒకసారి వదిలేసింది. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ను గద్దె దించితే రాష్ట్రమంతా రోడ్డెక్కింది. గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషి ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని, చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. నెల తిరిగేసరికి కుర్చీ వెనక్కి వచ్చింది. 1995 ఆగస్టులో సొంత పార్టీవాళ్లే దించేశారు. అదే మనిషి, అదే గొంతు, ఎనిమిది నెలల ముందే 216 సీట్లు గెలిచిన నాయకుడు. ఈసారి ఆ స్థాయిలో ఎవరూ రోడ్డెక్కలేదు. మొదటిసారి దెబ్బ తగిలింది తమకే అని జనం అనుకున్నారు, రెండోసారి అది ఇంటి గొడవలా కనిపించింది. అంత పెద్ద ఇమేజ్ కూడా జనం తమదనుకున్నప్పుడే పనిచేసిందన్నమాట.

ఇక అసలు పోటీ. 1995 సెప్టెంబర్ 1న ముఖ్యమంత్రి అయిన చంద్రబాబుకు మామగారి గ్లామర్ లేదు, కంఠం లేదు. పైగా ఆ కుర్చీలోకి వచ్చిన తీరు మీద మరక ఉండనే ఉంది. అందుకే ఆయన పూర్తిగా వేరే ముడిసరుకుతో ఇమేజ్ కట్టుకున్నారు: పని. ఎప్పుడూ ఒకే రంగు చొక్కా, చేతిలో ల్యాప్‌టాప్, తెర మీద గ్రాఫులు, కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు, చెప్పాపెట్టకుండా ఆఫీసుల తనిఖీలు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌కు వచ్చింది. 2000 మార్చిలో క్లింటన్ వచ్చి వెళ్లారు. బయటి పత్రికలు ఆయన్ను రాష్ట్రానికి సీఈఓ అన్నాయి, ఆయనా ఆ మాటను కాదనలేదు. మన పిల్లలు అమెరికా విమానాలెక్కుతున్న రోజులవి. ఎంతో మంది మధ్యతరగతి తల్లిదండ్రులకు ఆ ల్యాప్‌టాప్‌లో తమ ఇంటి భవిష్యత్తే కనిపించింది.

ఈ ఇమేజ్‌లో ఓటరుకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. "నేను పని రాబడతాను" అని చెప్పుకున్న నాయకుడు కొలబద్దను తానే తెచ్చి మన చేతికిచ్చినట్టు. కరెంటు వచ్చిందా, రోడ్డు పడిందా, ఫైలు కదిలిందా అని అడగొచ్చు. ఆయన దాటవేయలేరు, ఎందుకంటే ఆ ప్రశ్నలు నేర్పింది ఆయనే.

దీని లోపం కూడా ఆ పక్కనే ఉంది. ఇమేజ్ తనకు నచ్చిన పనినే జ్ఞాపకం ఉంచుకుంటుంది. 1999లో రైతుబజార్లు మొదలుపెట్టింది చంద్రబాబు ప్రభుత్వమే. దళారీ లేకుండా రైతు తన వంకాయలు తనే తూకం వేసి అమ్ముకునే ఏర్పాటు అది. డ్వాక్రా సంఘాలు ఊరూరా విస్తరించిందీ, దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిందీ ఆ కాలంలోనే. అయినా హైటెక్ సిటీ పక్కన రైతుబజారు బొమ్మ ఎవరి మనసులోనూ అతకలేదు. మరోవైపు కరెంటు చార్జీల పెంపు, దానిపై 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన కాల్పులు, వరుస కరువులు, రైతుల ఆత్మహత్యలు. ఇవన్నీ "ఈయనకు కంప్యూటర్లు తప్ప మట్టి తెలియదు" అనే మాటకు చక్కగా సరిపోయాయి. సరిపోయింది నిలిచిపోయింది, సరిపోనిది రాలిపోయింది. పైగా ఆయన చూపించిన విజన్ 2020 ప్రణాళిక అంటే ఇరవై ఏళ్లు ఆగమని చెప్పడం. బోరు ఎండిపోయిన రైతు వచ్చే పంటదాకా కూడా ఆగలేడు.

సరిగ్గా అప్పుడు ఎదురుగా కాంగ్రెస్ నేత వైఎస్ రాజశేఖరరెడ్డి వచ్చారు. ఆయన పాత ఇమేజ్ ఏమంత తీయగా లేదని మరిచిపోకూడదు. సొంత పార్టీలో అసమ్మతి నేత, కడప రాజకీయాల నేపథ్యం, కోపిష్టి అనే పేరు. 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో అడుగు మొదలుపెట్టి, రోహిణీకార్తె ఎండల్లో, మధ్యలో రాజమండ్రిలో జబ్బుపడి కొన్నాళ్లు ఆగి, మళ్లీ లేచి, దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచి ఇచ్ఛాపురం చేరేసరికి ఆ మనిషి బొమ్మే మారిపోయింది. తెల్లటి పంచె, తలకు చుట్టిన కండువా, పైకెత్తి ఊపే చెయ్యి, "అక్కయ్యా, చెల్లెమ్మా" అనే పిలుపు. ఆయన ఎంబీబీఎస్ చదివిన డాక్టరే అయినా, పంచెకట్టులో రైతులా కనిపించారు. వాతావరణం కూడా ప్రచారం చేసింది: ఆ ఎండలో నడవడమే "మీ కష్టం నాకు తెలుసు" అన్న మాటకు రుజువైంది.

2004లో తెలుగుదేశానికి 47 సీట్లు, కాంగ్రెస్‌కు 185. పంచె ల్యాప్‌టాప్‌ను ఓడించిందని అప్పట్లో తేల్చేశారు. నాకు అంత సులువుగా అనిపించదు. తొమ్మిదేళ్ల పాలన మీద విసుగు ఉంది, కరువు ఉంది, టీఆర్ఎస్‌తోనూ కమ్యూనిస్టులతోనూ కాంగ్రెస్‌కు పొత్తు ఉంది. అలిపిరిలో తన మీద జరిగిన నక్సలైట్ల దాడి తర్వాత ముందస్తు ఎన్నికలకు వెళ్లి సానుభూతి వస్తుందనుకున్న చంద్రబాబు లెక్క తప్పింది. అది మాత్రం గమనించాల్సిన విషయం. ఎన్టీఆర్‌కు 1984లో వెల్లువెత్తిన సానుభూతి, ప్రాణాపాయం తప్పించుకున్న చంద్రబాబుకు ఎందుకు రాలేదు? సీఈఓను మెచ్చుకుంటాం, ఆయన కోసం కన్నీళ్లు పెట్టుకోం. పనిమంతుడి ఇమేజ్ గౌరవం తెస్తుంది, జాలి తేదు.

దగ్గరితనం ఇమేజ్ నాయకుడికి ఇచ్చే వరం ఒకటుంది: జనం క్షమ. వైఎస్ పాలనలో జలయజ్ఞం పేరుతో సాగిన సాగునీటి ప్రాజెక్టుల మీద అవినీతి ఆరోపణలు తక్కువేమీ రాలేదు. ప్రతిపక్షం ఆ జలయజ్ఞాన్ని ధనయజ్ఞం అంది. అయినా 2009లో సీట్లు 156కు తగ్గాయే కానీ అధికారం పోలేదు. మనవాడు అనుకున్న మనిషి తప్పు చేస్తే "పోనీలే, ఎవరు చేయట్లేదు" అంటాం. పనిమంతుడు అదే తప్పు చేస్తే "ఇదేనా నీ పని" అని నిలదీస్తాం. నాయకుడిగా చూస్తే ఎవరైనా మొదటిదే కోరుకుంటారు. ఓటరుకు మాత్రం అది ఖరీదైన వ్యవహారం. క్షమించిన ప్రతిసారీ ఒక ప్రశ్న మింగేసినట్టే కదా.

కానీ వైఎస్ పాదయాత్రలో నన్ను ఆగి ఆలోచింపజేసే సంగతి వేరే ఉంది. ఆ నడకకు ఒక ఫైలు కట్టేసి ఉంది. 2004 మే 14న ప్రమాణ స్వీకారం చేసిన రోజే ఎల్బీ స్టేడియంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ పథకం ఖజానాకు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది, పాదయాత్రలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో తేల్చుకోవడానికి రైతుకు నిపుణుడు అక్కర్లేదు, నెల తిరిగేసరికి కరెంటు బిల్లు చూసుకుంటే చాలు. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యానిదీ ఇదే దారి. కృష్ణుడి ఇమేజ్ ఎంత పెద్దదైనా దాన్ని రేషన్ షాపు తక్కెడలో పెట్టి తూచవచ్చు. విజన్ 2020లో ఎంత మంచి అంకెలున్నా ఆ వెసులుబాటు లేదు.

తర్వాత అందరూ నడక పట్టారు. ల్యాప్‌టాప్ ముఖ్యమంత్రే అరవై దాటిన వయసులో 2012 అక్టోబర్ 2న హిందూపురం నుంచి పాదయాత్రకు బయల్దేరారు. తండ్రి దారిలోనే జగన్ 3,648 కిలోమీటర్లు నడిచి, 2019లో 151 సీట్లు గెలిచారు. ఐదేళ్లకు అవి 11 అయ్యాయి. ఊరూరా జనం మధ్య నడిచిన మనిషి అధికారంలోకి వచ్చాక పరదాల చాటున తిరుగుతున్నారని ప్రతిపక్షాలు ఎత్తిపొడిచాయి. తెలంగాణలో కేసీఆర్‌కూ ఇలాంటిదే ఎదురైంది. 2009 నవంబర్‌లో నిరాహారదీక్షతో ఉద్యమానికి ప్రాణం పోసిన నాయకుడు, 2023 ఎన్నికల నాటికి ప్రత్యర్థుల నోట ఫామ్‌హౌస్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ విమర్శల్లో నిజమెంత అన్నది పార్టీని బట్టి మారుతుంది. దగ్గరితనం చూపి గెలిచినవారికి దూరం మీద దెబ్బ కొట్టడం తేలిక. కాపలా, కాన్వాయ్ ఏ ముఖ్యమంత్రికైనా తప్పవు కాబట్టి ఈ ఇమేజ్‌కు ప్రమాణ స్వీకారం నాడే తుప్పు పట్టడం మొదలవుతుంది.

మరి ఏ ఇమేజూ పెట్టుకోకుండా ఉంటే? దానికీ మన దగ్గర ఉదాహరణ ఉంది, అదీ ఢిల్లీ స్థాయిలో. 1991 జూన్‌లో పీవీ ప్రధాని అయ్యేనాటికి ఖజానాలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. పరిశ్రమల శాఖ ఆయన చేతిలోనే ఉంది. పరిశ్రమలకు అడుగడుగునా ప్రభుత్వ అనుమతి కావాలనే లైసెన్స్ రాజ్‌ను కూల్చిన పారిశ్రామిక విధానాన్ని జూలై 24న పార్లమెంటులో పెట్టింది మాత్రం సహాయ మంత్రి. ఆ సాయంత్రమే మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు. మర్నాటి నుంచి సంస్కరణలంటే మన్మోహన్ ముఖమే. ఇంకొకరైతే పేపర్లనిండా తన ఫొటోనే వేయించుకునేవారు. పీవీ మూతి బిగించి ఊరుకున్నారు. మైనారిటీ ప్రభుత్వంతో అంత పెద్ద మలుపు తిప్పాలంటే ఎవరి కళ్లలోనూ పడకపోవడమే మేలని ఆయన లెక్క కావచ్చు. ఆ లెక్క పనిచేసింది కూడా, ఐదేళ్లూ ప్రభుత్వం నిలబడింది.

అదే మౌనం 1992 డిసెంబర్ 6న ఆయన్ను ముంచింది. బాబ్రీ మసీదు కూలాక ప్రధానిని కొందరు అసమర్థుడన్నారు, కొందరు కుమ్మక్కయ్యాడన్నారు. తన బొమ్మ తాను గీసుకోని మనిషికి ఎవరికి తోచిన రంగు వాళ్లు పూశారు. వ్యంగ్య చిత్రకారులకు ఆ పెదవి చాలు. 2004 డిసెంబర్‌లో ఆయన చనిపోతే పార్థివ దేహాన్ని కాంగ్రెస్ ప్రధాన కార్యాలయం లోపలికి రానివ్వలేదు. గేటు బయటే కాసేపు ఆగి, ఊరేగింపు విమానాశ్రయానికి సాగింది. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. భారతరత్న 2024లో వచ్చింది. ఇమేజ్ లేని నాయకుడు దేశానికి లాభమే చేసి ఉండొచ్చు, ఓటరుకు మాత్రం చిక్కు. ఏ పని ఆయనదో, ఏ తప్పు ఆయనదో తెలియకుండా ఓటెలా వేస్తాం? 1996లో కాంగ్రెస్ ఓడినప్పుడు జరిగింది దాదాపు అదే.

కాబట్టి నా వరుస ఇది. ఓటరుగా నాకు పనిమంతుడి ఇమేజే ముందు, గెలిచినా ఓడినా నిలదీసే హక్కు నా చేతిలో ఉంటుంది కాబట్టి. అయితే ఇరవై ఏళ్ల తర్వాతి స్వర్గం చూపించేవారికి అందులో చోటు లేదు. ఈ ఐదేళ్లలో తేలే మాట ఏదో చెప్పాలి. దగ్గరితనం రెండోది. అదీ ఉచిత విద్యుత్‌లా, రెండు రూపాయల బియ్యంలా ఇంట్లో కూర్చుని సరిచూసుకోగలిగే హామీ ఒకటి వెంట ఉంటేనే. ఉత్త నడక, ఉత్త నవ్వు అయితే దాన్ని కిందికి నెట్టేస్తాను. మౌనం చివరిది. పీవీ మీద నాకున్న గౌరవానికి ఇది ఎదురుపోతుందని తెలుసు. పైగా మళ్లీ అలాంటి సంక్షోభం వస్తే ల్యాప్‌టాప్ మనిషి కంటే, పాదయాత్ర మనిషి కంటే, పీవీ లాంటివారి చేతిలో దేశం ఉంటేనే నాకు టెన్షన్ తక్కువ. కానీ అలాంటి మనిషిని మనం ఓటేసి ఎన్నుకోలేం. 1991లో కూడా దేశం ఆయన్ను చూసి ఓటేయలేదు. ఆ ఎన్నికల్లో ఆయన అసలు పోటీయే చేయలేదు. ప్రధాని అయ్యాకే నంద్యాల ఉపఎన్నికలో నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అక్కడ అభ్యర్థిని పెట్టలేదు. ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు.