రెంట్-టు-ఓన్ షాపులో సోఫా, టీవీ తీసుకునే ముందు ఒక్క నిమిషం

డల్లాస్ వైపు కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసా వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే పని అనుమతి) వచ్చాక నేను ఇక్కడ ఒక రెంట్-టు-ఓన్ ఫ్రాంచైజీ షాపులో కౌంటర్ దగ్గర పనిచేశాను. రెంట్-టు-ఓన్ అంటే వారం వారం అద్దె కడుతూ పోతే చివరికి వస్తువు మనదయ్యే పద్ధతి. పేరు అడగకండి, రాయను.

బయట బోర్డు మీద "క్రెడిట్ అక్కర్లేదు, వారానికి 20 డాలర్లే" అని ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా చేతికి రాక, క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! కానీ ఆ 20ని, వస్తువు మనదయ్యేదాకా కట్టాల్సిన 78 వారాలతో గుణించండి. 1,560 డాలర్లు. అలాంటి టీవీ మామూలు షాపులో అందులో సగానికే దొరుకుతుంది. కాగితాల ప్రకారం ఇది అప్పు కాదు, అద్దె. అందుకే వడ్డీ శాతం ఎంతని వెతికినా అందులో ఉండదు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు మాత్రం 2006లో ఇది వాయిదాల అమ్మకమేనని, వడ్డీ పరిమితి దీనికీ వర్తిస్తుందని చెప్పింది. టెక్సాస్‌లో ఆ ఆశ పెట్టుకోకండి.

పైగా డ్యామేజ్ వెయివర్ (వస్తువు పాడైతే ఆ భారం మన మీద పడకుండా కట్టే ఫీజు), క్లబ్ మెంబర్‌షిప్ అని ప్రతి వాయిదాకీ ఇంకొంత కలుస్తుంది. అవి కచ్చితంగా తీసుకోవాల్సినవి కావు. "వద్దు" అంటే తీసేస్తారు. కానీ కౌంటర్లో ఉన్నవాళ్లకి వాటి మీద టార్గెట్ ఉంటుంది కాబట్టి మీరు అడిగేదాకా ఎవరూ చెప్పరు.

మా షాపులోనే మన తెలుగు కుర్రాళ్లు కొందరు కలిసి హాల్ సెట్టు మొత్తం తీసుకున్నారు. దాదాపు ఏడాది కట్టారు. ఒకతని ఉద్యోగం పోయి రెండు వాయిదాలు ఆగాయి, ట్రక్కు వెళ్లి సోఫా, టీవీ ఎక్కించుకొచ్చేసింది. కట్టిన డబ్బులో ఒక్క డాలరూ వెనక్కి రాలేదు. అద్దె కదా మరి! ఆ సోఫానే తుడిచి మళ్లీ షోరూములో పెట్టారు.

వాయిదా ఆలస్యమైతే ఫోన్లు మీకు మాత్రమే రావు. రిఫరెన్స్ అని రాసిన ఫ్రెండ్‌కీ, బాబాయికీ కూడా వెళ్తాయి. పరువు పోయేది అక్కడే.

లాప్‌టాప్ అయితే అసలు వద్దు. అద్దెకిచ్చిన కంప్యూటర్లలో రహస్యంగా సాఫ్ట్‌వేర్ పెట్టి, స్క్రీన్‌షాట్లూ వెబ్‌క్యామ్ ఫోటోలూ తీశారని 2012లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఏడు రెంట్-టు-ఓన్ కంపెనీల మీద కేసు పెట్టి, ఆ పని మాన్పించింది.

మే, డిసెంబరు నెలల్లో చదువు అయిపోయి ఊరు మారేవాళ్లు మంచాలూ టేబుళ్లూ దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో అడగండి. అప్పటిదాకా నేల మీద పరుపు వేసుకుంటే కొంపేం మునిగిపోదు.

ఇప్పటికే తీసుకున్నవాళ్లు ఇవాళే "ఎర్లీ పర్చేజ్" (గడువుకి ముందే మిగతాది కట్టేసి వస్తువు సొంతం చేసుకోవడం) మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. షాపు చెప్పిన నెలల లోపు కట్టేస్తే చాలా తగ్గుతుంది. కట్టలేకపోతే సామాను మీరే తిరిగి ఇచ్చేయండి. వస్తువు సీరియల్ నంబరుతో సంతకం పెట్టిన రసీదు తీసుకోండి. చెప్పకుండా ఇల్లు మాత్రం మారకండి. టెక్సాస్‌లో అద్దె సామాను తిరిగి ఇవ్వనివాళ్ల మీద పోలీసు కేసులు పెట్టించిన షాపులున్నాయి. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.