రెండు సాకెట్ల సర్వర్: ఎపిక్ మేలా, జియాన్ మేలా?

సర్వర్ కొనబోయేవాళ్లు ఎవరు మాట్లాడినా చివరికి ఒకటే అడుగుతున్నారు: డ్యూయల్ సాకెట్ బోర్డులో, అంటే రెండు ప్రాసెసర్లు పట్టే బోర్డులో, ఏఎండీ వాళ్ల ఎపిక్ ప్రాసెసర్ వెయ్యాలా, ఇంటెల్ వాళ్ల జియాన్ వెయ్యాలా? ఈమధ్యే మా ఆఫీసుకీ ఇది తేల్చాల్సి వచ్చింది. బడ్జెట్‌కి అందినవి 2022 నవంబర్లో వచ్చిన ఎపిక్ జెనోవా, 2023 జనవరిలో వచ్చిన జియాన్ సఫైర్ ర్యాపిడ్స్. మేం జెనోవా తీసుకున్నాం.

అందరూ ముందు కోర్లు లెక్కపెడతారు. సాకెట్‌కి జెనోవాలో 96 దాకా, సఫైర్ ర్యాపిడ్స్‌లో 60 దాకా ఉంటాయి. నేను మాత్రం మెమరీ చానెళ్లు, అంటే ర్యామ్ నుంచి ప్రాసెసర్‌కి డేటా వచ్చే దారులు, చూస్తాను. సాకెట్‌కి జెనోవాలో 12, సఫైర్ ర్యాపిడ్స్‌లో 8. డీడీఆర్5-4800 ర్యామ్ ఒక్కో చానెల్‌కి సెకనుకు 38.4 జీబీ ఇస్తుంది. అంటే సాకెట్‌కి సెకనుకు జెనోవాలో 460 జీబీ, సఫైర్ ర్యాపిడ్స్‌లో 307 జీబీ. మా పనంతా డేటాబేస్ రిపోర్టులు, పెద్ద పెద్ద టేబుళ్లు మెమరీలోంచి తోడుకోవడమే. డేటా అందక కోర్లు గోళ్లు గిల్లుకుంటుంటే ఎన్ని ఉండి ఏం లాభం?

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కొటేషన్‌లో 512 జీబీ ర్యామ్ అని కనబడగానే సంతకం పెట్టేయకండి, అది ఎన్ని ర్యామ్ స్టిక్కులో అడగండి. 64 జీబీవి ఎనిమిది ఇస్తే సాకెట్‌కి నాలుగే పడతాయి, జెనోవాలో ఎనిమిది చానెళ్లు ఖాళీ. అప్పుడు సాకెట్‌కి వచ్చే వేగం సెకనుకు 153 జీబీయే. అదే 512ని 32 జీబీవి పదహారుగా జియాన్‌లో వేస్తే అన్ని చానెళ్లూ నిండి, దానికి రెట్టింపు వస్తుంది. రెండు సాకెట్లకీ చానెల్‌కొకటి చొప్పున 24 స్టిక్కులకు డబ్బు లేకపోతే జెనోవా జోలికి పోకపోవడమే మంచిది. మేం 32 జీబీవి 24 వేయించాం. ఆ బిల్లు చూసి మా అకౌంట్స్ ఆయన ముఖం మాడ్చుకున్నాడనుకోండి.

పక్క సాకెట్ మెమరీని అందుకోవడంలో ఆలస్యం రెండింటికీ తప్పదు. ఏ సాకెట్‌కి ఏ మెమరీ ఎంత దూరమో చూపించే లినక్స్ నుమా పట్టికలో సొంత మెమరీ దూరం 10 అని, పక్కదానికి అంతకంటే పెద్ద అంకె కనిపిస్తుంది. డేటాబేస్‌ని ఒకే సాకెట్‌కి కట్టేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

జియానే తీసుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మీ వీఎంవేర్ క్లస్టర్, అంటే వర్చువల్ మెషీన్లు నడిపే సర్వర్ల గుంపు, ఇప్పటికే ఇంటెల్ అయితే, నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ని ఆపకుండా ఏఎండీ మీదికి మార్చలేరు. నాలుగు, ఎనిమిది సాకెట్లు కావాలన్నా జియానే, ఎపిక్ రెండుతో ఆగిపోతుంది. జీపీయూ లేకుండా ఏఐ మోడళ్లు నడపాలంటే జియాన్‌లో ఏఐ లెక్కలు వేగంగా చేసే ఏఎంఎక్స్ పనికొస్తుంది. ఇక 2024లో వచ్చిన జియాన్ 6900పీకి ఇంటెల్ కూడా 12 చానెళ్లు ఇచ్చింది కాబట్టి అక్కడ నా వాదన చెల్లదు, ధర చూసుకుని తేల్చుకోవాలి.

ఇంటెల్, ఏఎండీలకు భిన్నమైన డిజైన్‌తో వచ్చే, ఆంపియర్ ఆల్ట్రా లాంటి ఆర్మ్ చిప్‌లు? మీ సాఫ్ట్‌వేర్ మొత్తం ఆర్మ్ మీద నడుస్తుందంటేనే.

ఎపిక్‌లో పేరు చివర ‘పీ’ ఉన్న మోడళ్లు చవగ్గా దొరుకుతాయి. ఒకే సాకెట్ చాలనుకుంటే అవే కొనండి. ఇప్పుడొకటి వేసి తర్వాత రెండోది కలుపుదామనుకుంటే మాత్రం వద్దు, అవి జంటగా పనిచెయ్యవు.