ఫారం కోడికి పొట్ట బాగోలేనప్పుడు: మా మండల పశువైద్యశాల సేవలపై సమీక్ష

గుడ్ల దిగుబడి తగ్గిందని కోళ్లఫారాల వారు సాధారణంగా 72 నుంచి 80 వారాల వయసులో అమ్మివేసే తెల్ల లేయర్ కోళ్లలో ఒకదానిని పెరట్లో పెంచుకోవడానికి తెచ్చుకున్నాము. వచ్చిన కొద్ది రోజులకే రెట్ట పలుచబడి, మేత మీద ఆసక్తి తగ్గడంతో మండల కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్లాము. గేదెలకూ గొర్రెలకూ వైద్యం చేసే చోట ఒక్క కోడిని ఎవరు పట్టించుకుంటారని సందేహించే వారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

డాక్టరు గారు మందు చీటీ జోలికి పోకుండా, ముందు మెడ కింద మేత నిలవ ఉండే సంచిని వేళ్లతో తడిమి చూశారు. రాత్రికి నిండిన ఆ సంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలని, పొద్దున కూడా గట్టిగా తగిలితే మేత అడ్డుపడినట్టని, నీళ్లు నిండినట్టు మెత్తగా ఉండి నోటి నుంచి పులిసిన వాసన వస్తే అది వేరే జబ్బని వివరించారు. మా కోడికి ఆ రెండూ లేవు. తరువాత గంప అడుగున పరచిన పాత పేపరును వెలుతురులోకి తీసుకువెళ్లి, దాని మీది రెట్టలను ఒక్కొక్కటిగా పుల్లతో కదిపి చూపించారు. పైన తెల్లటి పూత ఉండి కుదురుగా పడినది మామూలు రెట్ట అని, మధ్యమధ్య పడే గోధుమరంగు జిగురు రెట్ట ఎంత దుర్వాసన వేసినా రోగలక్షణం కాదని, నెత్తురు కనిపిస్తే మాత్రం కాక్సిడియోసిస్‌ను (కాక్సిడియా అనే సూక్ష్మక్రిముల వల్ల పేగులకు వచ్చే జబ్బును) అనుమానించి ఆలస్యం చేయకుండా రావాలని చెప్పారు. కొత్తగా కోడిని తెచ్చుకున్న వారికి ఈ పది నిమిషాల పాఠం ఏ మందుకన్నా విలువైనదని నా అభిప్రాయం.

రెట్టను ఉప్పు ద్రావణంలో కలిపి, పైకి తేలిన దానిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించగా ఏలికపాముల గుడ్లు కనిపించాయి. కోడి బరువు తూచి పురుగుల మందు అక్కడే వేశారు. ఆ మందు ప్రభావం పోయేవరకు గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో మేము అడగకముందే చెప్పడం నాకు నచ్చింది. అయితే అసలు సలహా మేత గురించినది. కోడికి పళ్లుండవు కాబట్టి గింజ నలిగేది కందనకాయలోనే. అక్కడ చిన్న రాళ్లు ఉంటేనే ఆ పని సాఫీగా సాగుతుంది. ఏడాదికి పైగా పొడి మేత మీదే బతికిన ఫారం కోడికి ఒక్కసారిగా వడ్లు, జొన్నలు పెడితే అరగవు గనుక, కొంతకాలం లేయర్ మేతనే కొనసాగిస్తూ గింజలను కొద్దికొద్దిగా కలపమని, ముతక ఇసుకను వేరే గిన్నెలో ఉంచమని సూచించారు. ముక్కు కొన కత్తిరించిన కోడి నేల మీద చల్లిన గింజలను సరిగా ఏరుకోలేదని, మేతను లోతైన గిన్నెలో పెట్టమని చెప్పడం వారి పరిశీలనకు నిదర్శనం.

లోపాలు లేకపోలేదు. కోళ్లకు విడిగా కూర్చునే చోటు లేకపోవడంతో కుక్కల మధ్య గంప పట్టుకుని వేచి ఉండవలసి వచ్చింది. ఒక కోడిని చూసిన బల్లను తుడవకుండానే మరొకదానిని దాని మీద పెట్టారు. అంటువ్యాధులు చూసే చోట ఇది తగదు. రెట్ట పరీక్ష ఉదయం పూట మాత్రమే చేస్తారన్న సంగతి బోర్డు మీద ఎక్కడా లేదు.

వీటికన్నా పెద్ద ఇబ్బంది బయటి మందుల దుకాణంలో ఎదురైంది. కోళ్ల మందులన్నీ వందల కోళ్ల లెక్కన, లీటరు నీటికి ఇన్ని గ్రాములని ముద్రించిన పొట్లాలుగా వస్తాయి. విడిగా కొంచెం ఇమ్మంటే ఇవ్వరు సరికదా, పరీక్షలో ఏలికపాములే తేలాయని చెబుతున్నా వినకుండా కాక్సిడియోసిస్‌కు వాడే ఆంప్రోలియం పొడిని, దానితోపాటు బి విటమిన్ల టానిక్‌ను కట్టబెట్టబోయారు. కాక్సిడియా క్రిములకు బి1 విటమిన్ అందకుండా చేసే మందుతో కలిపి అదే విటమిన్‌ను తాగిస్తే మందు పని చెడుతుందన్న ఆలోచన అమ్మేవారికి ఉండాలి.

రెట్ట ఇప్పుడు కుదుటపడింది. తురాయి రంగు ఇంకా పాలిపోయే ఉంది. డాక్టరు గారి సలహా మేరకు పాత కోళ్లతో కలపకుండా విడి గూట్లోనే ఉంచుతున్నాము. ఇక్కడికి వెళ్లదలచిన వారు ఉదయాన్నే, ఆ పూట పడిన తాజా రెట్టను మూత ఉన్న డబ్బాలో వేసుకుని, పెడుతున్న మేత గుప్పెడు వెంట తీసుకువెళ్లడం మంచిది.