ఎనుమాముల దుకాణంలో ఈపీఏబీఎక్స్: ఫోన్ చేసినవారి నంబరు ఎక్కడ ఆగిపోయింది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు దగ్గరున్న మా మిర్చి, పత్తి అడ్తి దుకాణానికి నాలుగు లైన్లు, పదహారు ఎక్స్‌టెన్షన్లు (గదుల్లోని లోపలి ఫోన్లు) పట్టే ఈపీఏబీఎక్స్, అంటే బయటి లైన్లను లోపలి ఫోన్లకు కలిపే యంత్రం, తీసుకుని ఎనిమిది నెలలైంది. తయారీదారు పేరు రాయడం లేదు, ఎందుకంటే జరిగిన పొరపాటులో సగం నాదే.

సీజనులో తెల్లవారకముందే పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి రైతులు ధర కనుక్కోవడానికి ఫోన్ చేస్తారు. ఎత్తలేకపోయిన కాల్‌కు తిరిగి చేయాలంటే నంబరు తెర మీద కనిపించాలి. కరపత్రంలో ‘సీఎల్ఐ సౌకర్యం’ (ఫోన్ చేసినవారి నంబరు చూపించడం) అన్న రెండు మాటలు చూసి, అదెలా అందుతుందో అడగకుండానే సంతకం పెట్టాను. లైనుకొక సీఎల్ఐ కార్డు కావాలని, దాని ధర వేరని బిల్లు వచ్చాకే తెలిసింది. బిగించిన రోజు సాయంత్రమే మా గుమస్తా, “సార్, నంబరు వస్తలేదు, ‘లైన్ 2’ అనే వస్తున్నది” అన్నాడు.

మామూలు టెలిఫోన్ లైను మీద నంబరు ఒకే తీరుగా రాదు. మా పాత రాగి తీగ లైన్లలో అది డీటీఎంఎఫ్ పద్ధతిలో, అంటే బటన్లు నొక్కినప్పుడు వినిపించే ధ్వనుల రూపంలోనే, గంట మోగకముందే వచ్చేది. రెండో పద్ధతి ఎఫ్ఎస్‌కే, అంటే రెండు ధ్వనులను మార్చి మార్చి పంపే సంకేతం. మన ఫోన్ గంట ట్రింగ్-ట్రింగ్ అని జంటగా మోగి రెండు సెకన్లు ఊరుకుంటుంది కదా, ఆ మొదటి నిశ్శబ్దంలో సెకనుకు 1200 బిట్ల వేగంతో నంబరు వచ్చేస్తుంది. నిరుడు మూడు లైన్లను ఫైబర్‌కు మార్చినప్పుడు గోడకు బిగించిన డబ్బా ఎఫ్ఎస్‌కే పంపడం మొదలుపెట్టింది, కొత్త యంత్రమేమో డీటీఎంఎఫ్ కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంది.

హన్మకొండ నుంచి వచ్చిన టెక్నీషియన్ మొదటిసారి కార్డులు మార్చి చూసి వెళ్లిపోయాడు. రెండోసారి చేసిన పని మాత్రం నాకు నచ్చింది: డిస్‌ప్లే ఉన్న చవక ఫోనును నేరుగా డబ్బాకు తగిలించి, తన మొబైల్ నుంచి కాల్ చేశాడు. నంబరు కనిపించింది, లైనులో లోపం లేదని తేలిపోయింది. యంత్రంలో పద్ధతి మార్చాక కూడా రెండు కాల్స్‌లో ఒకదానికే నంబరు వచ్చింది, ఎందుకంటే బయటి గంట మొదలవగానే యంత్రం ఎక్స్‌టెన్షన్‌ను మోగించడం, నంబరు చేరేలోపే మా వాళ్లు ఫోన్ ఎత్తేయడం జరుగుతున్నది. నంబరు అందాకే లోపల గంట మోగేలా ఆలస్యం పెట్టించాము. అవతలివారికి ఒక గంట ఎక్కువ వినిపిస్తుంది, అంతే.

ఈ యంత్రానికి ఒక మెచ్చుకోలు ఇవ్వాలి. నాలుగో లైను ఇంకా రాగి తీగ మీదే ఉన్నా ఇబ్బంది రాలేదు, ఏ లైనుకు ఆ లైను పద్ధతి విడిగా పెట్టుకోవచ్చు. మాట స్పష్టంగా వినిపిస్తుంది, కరెంటు పోయి వచ్చినా సెట్టింగులు చెరగలేదు.

కుదరనిది బదిలీ దగ్గర. ముందు గదిలోని గుమస్తా మాట్లాడి కాల్‌ను నా గదికి పంపితే, నా సాధారణ ఫోను మీద రైతు నంబరు కాక గుమస్తా ఎక్స్‌టెన్షన్ నంబరే పడుతుంది, ఎందుకంటే నా గంట మోగేటప్పటికి నన్ను పిలుస్తున్నది గుమస్తానే. ఆ తరువాత తెరను మార్చే వీలు ఇలాంటి ఫోనుకు లేదు. డిజిటల్ లేదా ఐపీ ఫోన్లయితే బదిలీ పూర్తయ్యాక అసలు నంబరు చూపించగలవు. పీఆర్ఐ అనే డిజిటల్ లైనులో నంబరు గంటతో పనిలేకుండా కాల్ సందేశంలోనే వస్తుంది గానీ, 30 మంది ఒకేసారి మాట్లాడే లైను మా దుకాణానికెందుకు?

తిరిగి చేయడంలో ఇంకో తిరకాసుంది. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు ముందు సున్నా కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి ఉంది. బయటి లైను పట్టుకోవడానికి మాకు మరో సున్నా కావాలి. తెర మీది పది అంకెల నంబరును నొక్కితే కాల్ వెళ్లదు. రెండు సున్నాలు దానంతటదే చేర్చే సెట్టింగు ఈ యంత్రంలో లేదు, కాబట్టి మా గుమస్తా ఇప్పటికీ నంబర్లను చిట్టా పుస్తకంలో రాసుకుని చేత్తోనే కొడుతున్నాడు.