సిగరెట్ కంపు వదలని అద్దె ఇల్లు: ఓజోన్ మెషీనా, ఆయిల్ ప్రైమరా?

సిగరెట్లు తాగేవాళ్లు ఖాళీ చేశాక ఇంట్లో కంపు ఎలా పోగొట్టాలి? హైదరాబాద్‌లో ఫ్లాట్లు అద్దెకిచ్చే ఓనర్లు పదేపదే అడిగే మాట ఇది. ఉన్న దారులు మూడు: ఉన్న గోడ మీదే రంగు వేయించడం, ఓజోన్ మెషీన్ (వాసనను చంపే ఓజోన్ వాయువును గదిలోకి వదిలేది) పెట్టించడం, గోడలు కడిగి ఆయిల్ ప్రైమర్ (రంగుకు ముందు వేసే, నీళ్లతో కాక టర్పెంటైన్‌తో కలిపే పూత) కొట్టించి ఆపైన రంగు వేయించడం. సాంబ్రాణి, ఉల్లిపాయ ముక్కలు, బొగ్గుల గిన్నె, రూమ్ స్ప్రే లాంటివి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు ఓ పూట పరువు నిలబెడతాయి, అంతే.

అసలు కంపు గాలిలో లేదు, గోడలో ఉంది. పొగలోని తారు, నికోటిన్ రంగులోకి, దాని కింది లప్పంలోకి ఇంకిపోతాయి. కిటికీలు తెరిచి రెండు రోజులుంచితే వాసన పోయినట్టే అనిపిస్తుంది. ముసురు పట్టినా, ఎండకు స్లాబు కాగినా మళ్లీ మొదలు. పొగ పైకి పోతుంది కనుక ఎక్కువ పట్టేది స్లాబుకే. తెల్లగుడ్డ తడిపి ఫ్యాను పక్కన స్లాబు మీద రుద్ది చూడండి. గుడ్డకు టీ రంగు అంటితే ఉత్త రంగుతో పోయే కేసు కాదు. ఈ పరీక్ష అడ్వాన్సు తిరిగిచ్చే ముందే చేసుకుంటే ఇంకా మంచిది.

పెయింటర్లు మాత్రం "లప్పం పెట్టి రెండు కోట్లు కొడితే పోతుంది సార్" అంటారు. పోదు. లప్పం, ప్లాస్టిక్ పెయింట్ రెండూ నీళ్లతో కలిపేవే. ఆ తడికి కింది తారు కరిగి కొత్త రంగులోంచి పసుపు మరకలుగా పైకి తేలుతుంది. పైగా వైట్ సిమెంట్ లప్పం, సున్నం క్షారగుణం ఉన్నవి. క్షారం తగిలితే నికోటిన్ ఇంకా తేలిగ్గా ఆవిరవుతుంది. ఖైనీలో సున్నం కలిపి నలిపేది నికోటిన్ ఊరడానికే కదా, గోడ మీదా అదే రసాయనం.

ఓజోన్‌కు ఒక సుగుణం ఉంది: బీరువా మూలలకు, అటక మీదకు, చెయ్యి దూరని సందుల్లోకి కూడా పోతుంది, పని ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. కానీ అది పనిచేసేది పైపొర మీదే. లప్పంలోకి దిగిన తారు అలాగే ఉండి కొన్ని వారాలకు మళ్లీ వాసన వదులుతుంది. నికోటిన్‌తో ఓజోన్ కలిస్తే ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. రబ్బరు గాస్కెట్లు ఎండి పగులుతాయి. మెషీన్ నడుస్తున్నంతసేపు మనుషులు, పెంపుడు జంతువులు, మొక్కలు ఏవీ లోపల ఉండకూడదు. ఆపాక కూడా కొన్ని గంటలు కిటికీలన్నీ తెరిచి ఉంచాలి. కడగడం అయ్యాక ఇంకా మిగిలిన వాసనకైతే సరే, దాన్నే మందు అనుకుంటే డబ్బు దండగ.

నా ఓటు ఆయిల్ ప్రైమర్‌కే. అందులో నీళ్లుండవు కనుక తారు తడికి కరిగి పైకి తేలదు, కిందే ఆగుతుంది. ముందు గోడ కడగాలి. పది లీటర్ల బకెట్‌కు 100 నుంచి 150 గ్రాముల బట్టల సోడా (వంట సోడా కాదు) కలిపి, గ్లౌజులు వేసుకుని, స్పాంజితో గోడను కింది నుంచి పైకి కడగాలి. పైనుంచి మొదలుపెడితే మురికి గోడ మీద కారిన చారలు ఓ పట్టాన వదలవు. సోడా కూడా క్షారమే, అందుకే కడిగేటప్పుడు కంపు ఇంకా లేస్తుంది. ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో తుడవాలి, రెండోసారి నీళ్లలో కాస్త వెనిగర్ వేస్తే మేలు. నీళ్లు చల్లే ముందు కరెంటు మెయిన్ ఆఫ్ చేయడం మరవద్దు. డిస్టెంపర్ గోడైతే కడిగినా లాభం లేదు, తడికే ఊడొస్తుంది. దాన్ని గీకేయాలి, లేకపోతే ప్రైమర్ కూడా దాంతోపాటే పెచ్చులుగా లేస్తుంది. జిప్సం ఫాల్స్ సీలింగ్‌ను గట్టిగా పిండిన గుడ్డతో తుడవడమే.

రెండు రోజులు ఆరనిచ్చి, టర్పెంటైన్‌తో కలిపే ప్రైమర్ ఒక కోటు వేయాలి. షాపువాడు వాటర్ ప్రైమర్ అంటగడతాడు, డబ్బా మీద చదివి తీసుకోండి. పన్నెండుకు పన్నెండు గదికి స్లాబుతో కలిపి ఐదారు లీటర్లు పడుతుంది. మరక పైకి తేలిన చోట రెండో కోటు. తడి గోడ మీద వేస్తే బుడగలు లేస్తాయి కాబట్టి వానాకాలంలో తొందర వద్దు. ఆరేదాకా కిటికీలు తెరిచే ఉండాలి, పొయ్యి వెలిగించకూడదు. గోడకు గుంటలుంటే లప్పం ఈ ప్రైమర్ ఆరాకే పెట్టించాలి. ఆ తర్వాత మామూలు ప్లాస్టిక్ పెయింట్ చాలు.

ఎప్పుడో ఒకటి అరా తాగినవాళ్లున్న ఇల్లయితే, గుడ్డకు రంగు అంటకపోతే, కడిగి రంగు వేస్తే సరిపోతుంది.

ఇంత చేసినా వాసనొస్తే ఏసీ చూడండి. ఫిల్టర్ ఒక్కటీ కడిగితే చాలదు, లోపలి కాయిల్‌ను, బ్లోయర్‌ను కూడా నీటి జెట్‌తో కడిగించాలి. దోమల జాలీలు, ఫ్యాను రెక్కల పైభాగం, సన్‌మైకా లేని సెల్ఫుల లోపలి ప్లైవుడ్ తర్వాతి అనుమానితులు. ఆ ప్లైవుడ్‌కు మాత్రం వడ్రంగులు వాడే లక్క పాలిష్ రెండుసార్లు పూయిస్తే వాసన లోపలే ఆగుతుంది.