కాశీకి, సింగపూర్‌కి ట్రావెల్ కార్డుతో: ఫీజు గిట్టిందా?

ఏడాదికి 5,000 రూపాయల ఫీజున్న ట్రావెల్ క్రెడిట్ కార్డుకి మనం కట్టేది 5,900. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఫోన్ చేసి అమ్మేవాళ్లు ఆ మాట గబగబా చెప్పి దాటేస్తారు. మావారు అలాంటి కార్డే తీసుకున్నారు. ఆ ఏడాది అత్తగారిని, మామగారిని కాశీ తీసుకెళ్లాం, తర్వాత పిల్లలతో సింగపూర్ వెళ్లాం. రెండు చోట్లా కార్డు ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను.

కాశీకి సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఉంది కానీ ఒక రోజుకు పైనే కూర్చోవాలి. అత్తగారి మోకాళ్లకి అది కుదరదని ఫ్లైట్ అనుకున్నాం. బ్యాంకు పోర్టల్‌లో, అంటే టికెట్లు అమ్మే దాని సొంత వెబ్‌సైట్‌లో, కొంటే కార్డు ఖర్చు మీద ఇచ్చే పాయింట్లు ఎన్నో రెట్లు వస్తాయన్నారు. నిజమే, వస్తాయి. కానీ అదే ఫ్లైట్, అదే సీటు, ఎయిర్‌లైన్ సొంత యాప్‌లో టికెట్‌కి కొన్ని వందలు తక్కువగా కనిపించింది. అందరి టికెట్లకీ లెక్కేస్తే పాయింట్ల లాభంలో సగానికి పైగా ఆ తేడాలోనే పోతోంది. పైగా పోర్టల్‌లో కొన్న టికెట్ మార్చుకోవాలంటే ఎయిర్‌లైన్ పోర్టల్‌ని అడగమంటుంది, పోర్టల్ ఎయిర్‌లైన్‌ని అడగమంటుంది. పెద్దవాళ్లతో ప్రయాణం కదా, ఆ టెన్షన్ వద్దని యాప్‌లోనే కొన్నాం.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లాంజ్ (కార్డు చూపిస్తే కూర్చుని తినే విశ్రాంతి గది) ముందు పెద్ద క్యూ. తీరా మా వంతు వచ్చాక మెషీన్ కార్డుని ఒప్పుకోలేదు. ముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని బ్యాంకు నిబంధన మార్చిందట. 2024 నుంచి చాలా బ్యాంకులు ఈ దారే పట్టాయి. ఒప్పుకున్నా అది కార్డున్న మనిషికే, వెంట వచ్చినవాళ్లకి చాలా కార్డుల్లో విడిగా డబ్బు కట్టాల్సిందే. అత్తగారు మాత్రం "పులిహోర తెచ్చుకున్నాం కదమ్మా, లోపలికెళ్లి ఏం తింటాం" అని గేటు దగ్గర కుర్చీలో కూర్చుని డబ్బా విప్పారు. నిజానికి లాంజ్‌లో ఉప్మా కన్నా ఆ పులిహోరే బాగుంటుంది.

కాశీలో అసలు సంగతి అర్థమైంది. పాయింట్లతో దొరికే పెద్ద హోటళ్లు ఎక్కువగా కంటోన్మెంట్ వైపు ఉన్నాయి. గదులు బాగుంటాయి, లిఫ్ట్ ఉంటుంది, కానీ గంగకి, గుడికి దూరం. తెల్లవారుజామున స్నానానికి వెళ్లాలంటే ఆటో మాట్లాడుకోవాలి, సాయంత్రం హారతి అయ్యాక ఆ ట్రాఫిక్‌లో తిరిగి రావడం నరకం. మన తెలుగువాళ్లు ఎక్కువగా దిగే శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం పాండే హవేలీ దగ్గర ఉంది. ఘాట్ నడిచే దూరం, భోజనం మన తీరు, చుట్టూ మన మాటే వినిపిస్తుంది. గదులు సాదాగా ఉంటాయి, ముందుగా అడిగి పెట్టుకోవాలి. మేం అక్కడే ఉన్నాం. పాయింట్లు ఖర్చు చేయాలని కంటోన్మెంట్‌లో దిగి ఉంటే గది ఫ్రీ అయ్యేది, కాశీ దూరమయ్యేది.

మిగతా ఖర్చు? పడవవాళ్లకి, పూలకి, పూజ చేయించిన పంతులుగారి దక్షిణకి, గయలో పిండప్రదానానికి కార్డు ఎవరు గీస్తారు? నగదు, లేకపోతే యూపీఐ. రూపే క్రెడిట్ కార్డైతే యూపీఐకి కలుపుకోవచ్చు, కానీ అది వ్యాపారుల క్యూఆర్‌కే పనిచేస్తుంది. పడవ నడిపే అబ్బాయి సొంత నంబరుకి పంపితే పోదు. కాశీ, తిరుపతి, షిర్డీ తిరిగే కుటుంబానికి ట్రావెల్ కార్డు మీద పడే ఖర్చు చాలా తక్కువ అని అక్కడే తేలిపోయింది. రైల్లో ఏసీలో తరచూ తిరిగేవాళ్లకైతే తక్కువ ఫీజున్న ఐఆర్‌సీటీసీ కార్డులు నయం.

సింగపూర్‌లో బాగా పనికొస్తుందనుకున్నాం. అక్కడ ఎంఆర్‌టీ రైలుకి కూడా కార్డు తాకిస్తే చాలు, హోటళ్లు, షాపులు అన్నిచోట్లా నడుస్తుంది. కానీ చాలా భారతీయ కార్డుల మీద విదేశీ ఖర్చుకి 3.5 శాతం మార్కప్ (బ్యాంకు పైన వేసుకునే ఛార్జీ), దాని మీద మళ్లీ జీఎస్టీ. లక్ష రూపాయలు గీస్తే 4,130 అదనం. ఆ లక్ష మీద పాయింట్లు మహా అయితే రెండు వేల విలువ. అంటే వచ్చినదానికి రెట్టింపు పోయింది! షాపింగ్ చేసేటప్పుడు మెషీన్ మీద "రూపాయల్లో కడతారా, డాలర్లలోనా" అని అడుగుతుంది. రూపాయలు నొక్కితే రేటు ఇంకా దారుణం, ఎప్పుడూ అక్కడి డాలర్లే నొక్కండి. మా తోడికోడలు స్కేపియా లాంటి జీరో ఫారెక్స్ కార్డు తెచ్చుకుంది. వార్షిక ఫీజు లేదు, మార్కప్ లేదు. రెండో రోజు నుంచి అందరం దాని మీదే గీసి, తర్వాత లెక్క చూసుకున్నాం.

పాయింట్లు దాచిపెట్టుకుంటే పెద్ద ట్రిప్‌కి పనికొస్తాయి అంటారు, కానీ వాటి మీద అంత నమ్మకం పెట్టుకోలేం. విస్తారా విమాన సంస్థ 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, దాంతో పాటే దాని పాయింట్ల పథకమూ. బ్యాంకులు పాయింటు విలువ తగ్గించడం కొత్తేమీ కాదు. బ్యాంకు కేటలాగ్‌లో పాయింట్లతో మిక్సీ కొంటే పాయింటు విలువ పావలా కూడా రాదు, అదే ఎయిర్‌లైన్ పాయింట్లుగా మారిస్తే రూపాయి దాకా రావచ్చు. ఆ తేడా వెంట పడే ఓపిక ఉన్నవాళ్ల కోసమే ఈ కార్డులు. మా తమ్ముడు ఆఫీసు పనిమీద తరచూ ఢిల్లీ, బెంగళూరు తిరుగుతాడు. టికెట్ డబ్బు కంపెనీ ఇస్తుంది, పాయింట్లు వాడివి. వాడికి 5,900 ఒక లెక్క కాదు. బిల్లు పూర్తిగా కట్టకుండా మినిమమ్ కట్టేవాళ్లకి మాత్రం ఏ కార్డూ గిట్టదు, ఏడాదికి నలభై శాతం దాటే వడ్డీ ముందు ఏ పాయింట్లు నిలుస్తాయి?

మేం రెన్యువల్‌కి ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫీజు మాఫీ అడిగాం. సగం తగ్గిస్తామన్నారు, వద్దని కార్డే మూసేయమన్నాం. ఉన్న పాయింట్లు ముందే వాడేశాం, ఎందుకంటే కార్డు మూసేస్తే అవి పోవచ్చు. బాకీ ఏమీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది, ఆలస్యమైతే రోజుకి 500 రూపాయలు బ్యాంకే మనకి కట్టాలి. ఆ మాట ఫోన్‌లో గుర్తు చేస్తే పని త్వరగా అయింది.