డాబా మీద వీశాట్ డిష్: బోల్టులా, దిమ్మెనా, బరువుల ఫ్రేమా, గోడ బ్రాకెట్టా, ఏది మేలు?

బ్యాంకు బ్రాంచికి, ఏటీఎంకు, ఫైబర్ అందని ఏజెన్సీ ఊళ్ళోని ఆఫీసుకు పెట్టే వీశాట్ డిష్ (ఉపగ్రహం ద్వారా డేటా లింకు ఇచ్చే చిన్న యాంటెన్నా) ఎక్కువగా 1.2 మీటర్ల వ్యాసంది, కేయూ బ్యాండు అనే ఫ్రీక్వెన్సీ శ్రేణిది. దాన్ని డాబా మీద నిలబెట్టడానికి నాలుగు దారులున్నాయి. స్లాబుకు నేరుగా బోల్టులు కొట్టొచ్చు, కాంక్రీటు దిమ్మె పోయొచ్చు, ఏమీ తవ్వకుండా ఇనప ఫ్రేము మీద బరువులు పేర్చొచ్చు, గోడకు బ్రాకెట్టు బిగించొచ్చు. వచ్చినవాళ్ళ బండిలో ఏ స్టాండు ఉంటే అదే బిగించి పోవడం మన దగ్గర మామూలైపోయింది. అసలు స్టాండు సంగతి కప్పును చూశాకే తేల్చాలి. ఒకే డిష్, ఒకే మోడెమ్, పక్కపక్క మేడల మీద వేరువేరు స్టాండ్లు అడుగుతాయి.

ముందు గాలి లెక్క చూద్దాం. భవనాల మీద గాలి తోపుకు మన ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. 2015 నాటి కూర్పులో మూల వేగం (లెక్కకు ఆధారంగా తీసుకునే గాలి వేగం) విశాఖ, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. వేగాన్ని వేగంతో గుణించి 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. 50కి 1500, 44కి దాదాపు 1160. 1.2 మీటర్ల డిష్ ముఖం 1.13 చదరపు మీటర్లు. ఆకార గుణకం (ఆకారాన్ని బట్టి గాలి పట్టు ఎంతో చెప్పే అంకె) 1.3 అనుకుంటే గాలి ఎదురుగా కొట్టినప్పుడు విశాఖలో దాని మీద పడే తోపు సుమారు 225 కిలోలు, హైదరాబాదులో 175. డిష్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి అసలు తోపు కొంత తగ్గుతుంది. అయినా తుపాను ఫలానా దిక్కు నుంచే వస్తానని మాటివ్వదు, పూర్తి లెక్కే వేసుకోవాలి. తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన ఆసుపత్రి, కమ్యూనికేషన్ టవరు వంటి వాటికి అదే ప్రమాణం వేగాన్ని 1.3 రెట్లు చేయమంటుంది. అంటే తోపు 1.69 రెట్లు, 225 కాస్తా 380 అవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన విశాఖ వాళ్ళకు ఈ అంకెలు అతిగా అనిపించవు.

డిష్ చెడిపోవడానికి అది కూలిపోనక్కర్లేదు. కేయూ బ్యాండు అప్‌లింకులో (డిష్ నుంచి ఉపగ్రహానికి పంపే సిగ్నల్‌లో) 1.2 మీటర్ల డిష్ పుంజం వెడల్పు ఇంచుమించు 1.2 డిగ్రీలే. అర డిగ్రీ పక్కకు జరిగితే 2 డెసిబెల్స్, అంటే సిగ్నల్ బలంలో మూడో వంతుకు పైగా పోతుంది. అర డిగ్రీ అంటే డిష్ పై అంచు కింది అంచుతో పోలిస్తే ఒక సెంటీమీటరు కదలడం. కంటికి ఆనదు. ఎండాకాలమంతా లింకు బాగానే ఉంటుంది, జూన్‌లో మొదటి పెద్ద వానకు తెగిపోతుంది. నింద వాన మీదికి పోతుంది. వానను తట్టుకోవడానికి అదనంగా ఉంచిన సిగ్నల్ బలాన్ని అప్పటికే స్టాండు తినేసి ఉంటుంది.

డిష్‌ను ఎంత ఎత్తున పెడితే అంత మంచిదని ఒక అపోహ ఉంది. హైదరాబాదు నుంచి చూస్తే 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-18 ఉపగ్రహం గానీ, 83 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-30 గానీ ఆకాశంలో దాదాపు 69 డిగ్రీల ఎత్తున ఉంటాయి. మొదటిది సరిగ్గా దక్షిణానికి 15 డిగ్రీలు పడమరగా, రెండోది అంతే తూర్పుగా. విశాఖకు 83 డిగ్రీల ఉపగ్రహం దాదాపు సరిగ్గా దక్షిణమే. ఇంత నిటారు చూపుకు అడ్డం రావాలంటే, పది మీటర్ల దూరంలోని మేడ డిష్ కంటే 26 మీటర్లు ఎత్తుండాలి. కాబట్టి వాటర్ ట్యాంకు నెత్తిమీదికి, మెట్ల గది పైకి ఎక్కించాల్సిన పనిలేదు. గాలి తక్కువ తగిలే కింది డాబా ఉంటే అదే మేలు. ఖాళీ జాగా, కంచె ఉంటే నేల మీద గుంత తీసి గొట్టం పాతడం అన్నిటికన్నా మేలు. రేకుల కప్పయితే ఇక వేరే ఆలోచనే వద్దు, నేల మీదికి దిగడమే.

బరువుల ఫ్రేము

అద్దె భవనాల్లో అందరూ దీనికే మొగ్గుతారు. స్లాబుకు రంధ్రం పడదు, ఓనరు నొచ్చుకోడు, ఒక్క పూటలో పని అయిపోతుంది. ఖాళీ చేసినప్పుడు మొత్తం ఎత్తుకుపోవచ్చు. చిక్కల్లా ఎంత బరువు పెట్టాలన్నదే. చాలామంది తిరగబడకుండా లెక్క వేస్తారు గానీ, వెడల్పాటి ఫ్రేము తిరగబడే ముందే జారుతుంది. మీటరున్నర చదరపు ఫ్రేము, డిష్ మధ్య భాగం 1.2 మీటర్ల ఎత్తు అనుకుందాం. 225 కిలోల తోపుకు తిరగబడకుండా 360 కిలోలు, ఒకటిన్నర రెట్లు భద్రతతో 540 కావాలి. రబ్బరు మ్యాటు మీద రాపిడి గుణకం 0.5 అనుకుంటే, జారకుండా ఆపడానికి 450 కిలోలు, భద్రతతో 675. హైదరాబాదుకు ఇదే లెక్క 525 అవుతుంది. మీటరు ఫ్రేమైతే వరస మారుతుంది, తిరగబడకుండా ఆపడానికే విశాఖలో 810 కిలోలు కావాలి. చిన్న ఫ్రేము కొని డబ్బు మిగిలిందనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఇటుకల్లో చెప్పాలంటే, 16×8×6 అంగుళాల సాలిడ్ సిమెంటు ఇటుక 26 కిలోల దాకా తూగుతుంది. ఫ్రేము, డిష్ కలిపి 75 కిలోలు తీసేస్తే తీరంలో 23 ఇటుకలు, హైదరాబాదులో 17–18. మనం డాబాల మీద చూసేది ఎనిమిదో, పదో.

పెట్టేశాం సరే, స్లాబు మోస్తుందా? మనుషులు తిరిగే డాబాకు డిజైన్‌లో వేసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. 675 కిలోలను మీటరున్నర చదరం మీద పెడితే 300 పడుతుంది, రెట్టింపు. అదే బరువును రెండు మీటర్ల పది సెంటీమీటర్ల చదరానికి పరిస్తే 150 దగ్గరికి వస్తుంది. లేదా ఫ్రేము కాళ్ళు బీముల మీదికి వచ్చేలా జరపాలి. బీము ఎక్కడుందో పైనుంచి తెలియదు, కింది గదిలోకి వెళ్ళి సీలింగు చూసి, గోడ నుంచి టేపుతో కొలిచి పైన సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

ఇసుక బస్తాలు మాత్రం వద్దు. ప్లాస్టిక్ సంచి ఎండకు పెళుసెక్కి పిగిలిపోతుంది, ఇసుక జారి నీటి తూములో చేరుతుంది. బరువు పోయి, డాబా మీద నీళ్ళు నిలుస్తాయి, ఒకే దెబ్బకు రెండు నష్టాలు. ఇటుకలు పేర్చాక వాటి మీదుగా అడ్డం యాంగిల్ బిగించాలి. లేకపోతే ఎవరో ఒకరు నీళ్ళ డ్రమ్ము కిందికి రెండు, పూలకుండీ కిందికి రెండు పట్టుకుపోతారు. కోతులున్న ఊళ్ళల్లో ఫీడ్ ఆర్మ్ (డిష్ ముందుకు చాచి ఉండే కడ్డీ) పట్టుకుని ఊగడం రోజూ ఉంటుంది. గాలి ఆరు నెలల్లో జరిపేదాన్ని అవి వారంలో జరుపుతాయి. డిష్ గొట్టానికి బట్టల దండెం కట్టడం సంగతి సరేసరి. తడి దుప్పట్ల బరువు అర డిగ్రీ లాగడానికి చాలు.

స్లాబుకు నేరుగా బోల్టులు

తేలిగ్గా, గట్టిగా ఉంటుందని పేరు. నాలుగు దారుల్లో ఎక్కువగా మోసం చేసేది ఇదే. పాత డాబాల్లో స్లాబు పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి వేసిన పొర మూడు నాలుగు అంగుళాలుంటుంది. నాలుగు అంగుళాల యాంకర్ ఫాస్టెనర్ (రంధ్రంలో వ్యాకోచించి పట్టుకునే బోల్టు) దిగగొడితే బోల్టు అంతా ఆ పొరలోనే ఆగుతుంది, కాంక్రీటును తాకనే తాకదు. బిగించినప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. నాలుగు వానలు పడ్డాక పొర మెత్తబడి బోల్టు చేత్తో లాగితే వచ్చేస్తుంది. డ్రిల్లు నుంచి వచ్చే పొడి రంగు చూడండి. ఎర్రగా, తెల్లగా వస్తుంటే ఇంకా పై పొరే, బూడిదరంగు మొదలైతేనే స్లాబు.

ఆ స్లాబు కూడా ఇళ్ళలో నాలుగైదు అంగుళాలే. 12 మి.మీ. ఫాస్టెనర్‌కు 70 మి.మీ. లోతు కావాలి, కింద మరి అంత మందం మిగలాలి. నాలుగు అంగుళాల స్లాబుకు అది నప్పదు, కింద సీలింగు పెచ్చు ఊడుతుంది. చువ్వలు ఆరేసి అంగుళాలకు ఒకటి ఉంటాయి, డ్రిల్లు తగిలితే నెట్టకుండా రెండంగుళాలు పక్కకు జరగాలి. ఇంకో ప్రమాదం ఫ్యాన్ల వైర్లు పోయే ప్లాస్టిక్ పైపులు, అవి కూడా స్లాబులోనే ఉంటాయి. కింది గదిలో ఫ్యాను హుక్కు నుంచి స్విచ్ బోర్డు గోడ దాకా ఊహించుకున్న గీతకు దూరంగా ఉండాలి. తప్పనిసరై ఈ దారే పట్టితే కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురుతో పట్టుకునే బోల్టు) వాడాలి. రంధ్రాన్ని బ్రష్షుతో రుద్ది, పంపుతో ఊది, మళ్ళీ రుద్ది పొడి పూర్తిగా తీయాలి, లేకపోతే జిగురు గోడకు కాక పొడికి అంటుకుంటుంది. ప్లేటు కింద సీలెంటు పూయకపోతే వచ్చే ఏడు కింది గదిలో చెమ్మ మరక కనిపిస్తుంది. గొడవలన్నీ మొదలయ్యేది ఆ మరకతోనే.

కాంక్రీటు దిమ్మె

సొంత భవనమైతే మా ఓటు దీనికే, అదీ ఒక షరతు మీద. రెండడుగుల చదరం, అడుగు ఎత్తు దిమ్మె 260 కిలోలే తూగుతుంది. దాన్ని ఉత్తి డాబా మీద పోసి వదిలేస్తే విశాఖ గాలికి డిష్‌తో సహా దొర్లుతుంది. దిమ్మెకు స్లాబుతోనో కాలమ్‌తోనో చువ్వల బంధం ఉండాలి.

ఇక్కడ మన ఇళ్ళ అలవాటు ఒకటి కలిసొస్తుంది. పై అంతస్తు ఎప్పటికైనా వేస్తామని డాబా మీద కాలమ్ చువ్వలు వదిలేస్తాం కదా, దిమ్మెను వాటి చుట్టూ పోస్తే స్లాబుకు ఒక్క రంధ్రం పడదు, బరువు, గాలి తోపు నేరుగా కాలమ్‌లోకి దిగుతాయి. తుప్పు పట్టే చువ్వలకూ రక్షణే. చువ్వల తుప్పును వైరు బ్రష్షుతో గీకి, చుట్టూ ఉన్న పొరను కాంక్రీటు దాకా చెక్కేసి, సిమెంటు పాలు పోసి, అప్పుడు పోత మొదలుపెట్టాలి. 600×600×450 మి.మీ. దిమ్మెకు సిమెంటు, ఇసుక, కంకర ఒకటీ, ఒకటిన్నర, మూడు పాళ్ళలో కలిపితే బస్తాన్నర లోపు సిమెంటు సరిపోతుంది. 16 మి.మీ. జె-బోల్టులు నాలుగింటిని, బేస్ ప్లేటు రంధ్రాలు దించుకున్న ప్లైవుడ్ ముక్కకు బిగించి పోతలో నిలపాలి. మరలకు గ్రీజు పూసి టేపు చుట్టాలి. గోనెపట్టా చుట్టి వారం రోజులు తడపాలి. పొద్దున పోసి సాయంత్రం డిష్ ఎక్కించే తొందరే దీనికి శత్రువు.

పై అంతస్తు వేసే ఉద్దేశం నిజంగానే రెండు మూడేళ్ళలో ఉంటే మాత్రం ఈ దారి వదిలి ఫ్రేముకు పోవడమే తెలివి.

గోడ బ్రాకెట్టు

ఇంట్లో టీవీ డిష్‌కు సరిపోయిందని 1.2 మీటర్లకూ సరిపోతుందనుకోవద్దు. నాలుగున్నర అంగుళాల మందం, మూడడుగుల ఎత్తు పిట్టగోడ మీటరు పొడవు తూగేది 200 కిలోల చిల్లర. దాని నెత్తిన 225 కిలోల తోపు పడితే గోడే వీధిలోకి వాలుతుంది. 75 సెం.మీ. డిష్ అయితే తోపు 90 కిలోలకు దిగుతుంది. అప్పుడూ తొమ్మిదంగుళాల ఇటుక గోడే కావాలి, రెండు వైపులా ప్లేట్లు పెట్టి గోడ మధ్యలోంచి బోల్టు దూర్చి బిగించాలి. ఫాస్టెనర్ ఇటుకలో వ్యాకోచిస్తే ఇటుక పగులుతుంది. కొత్త అపార్ట్‌మెంట్ల తేలిక దిమ్మెల గోడల్లో దాని పట్టు మరీ అధ్వానం. మెట్ల గది కాంక్రీటు కాలమ్ దొరికితే మాటే వేరు, దానికి బిగించిన బ్రాకెట్టు దిమ్మెతో పోటీ పడుతుంది.

ఏ దారి పట్టినా గొట్టం కొనేటప్పుడు ఒక తిరకాసు ఉంది. దుకాణంలో రెండున్నర అంగుళాల జిఐ పైపు అనేదాని బయటి వ్యాసం 76 మి.మీ. బ్రాకెట్టు మీద మూడంగుళాలని రాసుందని మూడంగుళాల పైపు అడిగితే 89 మి.మీ.ది ఇస్తారు, కాలర్ (గొట్టాన్ని పట్టుకునే డిష్ భాగం) ఎక్కదు. నీలం పట్టీ ఉన్న మీడియం రకం, ఎర్ర పట్టీ ఉన్న హెవీ రకం పనికొస్తాయి, పసుపు పట్టీది వద్దు. రసమట్టం గొట్టానికి ఒక పక్క ఆనించి చూస్తే చాలదు, దానికి తొంభై డిగ్రీల పక్కన కూడా చూడాలి. గొట్టం ఒరిగి ఉంటే డిష్‌ను అటూ ఇటూ తిప్పినప్పుడల్లా ఎత్తు కోణం కూడా మారిపోతుంది. ఎర్తింగ్ తీగ మిగతా మూడింటికీ వేస్తారు, బరువుల ఫ్రేముకు మరిచిపోతారు, పిడుగు మాత్రం తేడా చూడదు.

అంతా బిగించి, హబ్ (నెట్‌వర్కును నడిపే కేంద్ర స్టేషను) వాళ్ళతో క్రాస్ పోల్ పరీక్ష (మన సిగ్నల్ వేరే ధ్రువణంలోకి చొరబడడం లేదని చూసుకునేది) అయ్యాక రెండు చోట్ల పెయింటు గీయాలి. కాలర్ మీద నుంచి గొట్టం మీదికి ఒక నిలువు గీత, ఫ్రేము నాలుగు మూలల చుట్టూ డాబా మీద ఒక్కో మూల గీత. తర్వాత ఎప్పుడు సిగ్నల్ తగ్గినా మీటరు తీయకముందే వాటిని చూడండి. నిలువు గీత విరిగి ఉంటే కాలర్ బోల్టులు వదులై డిష్ తిరిగిందని, మూల గీత బయటికి కనిపిస్తుంటే ఫ్రేమే జారిందని అర్థం. రెండూ చెక్కుచెదరకుండా ఉంటే అప్పుడు కేబుల్, కనెక్టర్ల వైపు చూడండి.